పాత్రనామముల లోకవ్యాప్తి: గిరీశము, పార్వతీశము, సుబ్బిశెట్టి

1. విషయప్రతిపాదనము

కవి కల్పించిన పాత్ర యొకటి గ్రంథమును విడిచి వీధిలోనికి వచ్చుట సాహిత్యచరిత్రలో అరుదుగా జరుగును. అట్లు వచ్చినపుడు ఆ గ్రంథమును చేతబట్టని వారుకూడ ఆ పాత్ర పేరును వాడుదురు; ఆ పేరుతో ఎదుటివానిని వర్ణింతురు, పరిహసింతురు, ఒక్కొక్కప్పుడు గాయపరతురు. ఈ పరిణామమును మన విమర్శకులు సాధారణముగ కవి ప్రతిభకు నిదర్శనముగ చెప్పి విడిచిపెట్టుచున్నారు. ప్రతిభ యొక్కటియే కారణమైనచో గొప్ప పాత్రలన్నియు వాడుకలోనికి రావలెను, రాలేదు. వచ్చినవియు ఒకే తీరున రాలేదు. కావున పేరు ఏ మార్గమున ప్రయాణించినది, మార్గమున దేనిని వదలుకొనినది, దేనిని క్రొత్తగా సంపాదించినది అను విషయములను విడివిడిగా పరిశీలింపవలసియున్నది. తెలుగున మూడు పేర్లను గ్రహించి మేమీ పరిశీలనము చేయదలచితిమి.

పేరు తిరుగుచు తిరుగుచు మూలార్థమును జారవిడుచుటకు కోనసీమలో ఒక ఊరిపేరే చక్కని నిదర్శనము. గౌతమీశాఖల నడుమ దీవిలోనున్న పోలవరమును, ఎగువ గోదావరి గట్టుననున్న పోలవరమునుండి వేరుపరుచుటకు 'ఐలాండు పోలవరము' అనిరి. ఆ ఆంగ్లపదము తొలి అక్షరమునకు కుదించుకొని 'ఐ.పోలవరము' అయినది. నేడు మండలమునకును అదియే పేరు. క్రొత్తగా వినువారికి ఆ 'ఐ' మనుష్యుల పేర్లకు ముందుండు ఇంటిపేరు పొడి అక్షరమువలె తోచును. ఎదుర్లంకకును యానామునకును నడుమ 2002లో వారధి యేర్పడి రేవు దాటవలసిన పని తప్పిన పిదప, దీవియను స్ఫురణకు అవకాశము మరియు తగ్గినది. పేరు నిలిచినది, పేరు పుట్టిన కారణము మరుగుపడినది. అన్యభాషాపదము తెలుగు పేరుతో అతుకుకొని తనదైన అర్థమును విడిచి ఒక గుర్తుగా మాత్రమే మిగిలినది. పాత్రనామముల చరిత్రయు పెక్కుపాళ్ళు ఇట్టిదే యని ముందు తేలగలదు. ఒక్క భేదము మాత్రము కలదు: ఊరిపేరు అర్థమును కోల్పోయిన నెవ్వరికిని నష్టము లేదు, మనిషిపేరు అర్థము మారినచో నష్టపడువారు ఉందురు.

2. పూర్వరంగము

విశేషనామము జాతినామమగుట తెలుగునకు క్రొత్త గాదు. బీరములు పలికి వెనుదీయువానిని ఉత్తరకుమారుడనియు, కలహము పెట్టువానిని నారదుడనియు, అడ్డుపడువానిని సైంధవుడనియు, వెంటనుండి చెరచువాని సాయమును శల్యసారథ్యమనియు మనవారు తరతరములుగ అనుచున్నారు. శాస్త్రకారులు దీనిని లక్షణావృత్తియందు చేర్చిరి. బాలుని సింహమనునప్పుడు సింహమునందలి శౌర్యము మాత్రము గ్రహింపబడి తక్కినది విడువబడినట్లే, ఉత్తరకుమారుడనునప్పుడు ప్రగల్భము మాత్రము గ్రహింపబడును. ఆ బాలుడు తరువాత యుద్ధమున ప్రాణములర్పించిన సంగతి ఆ వాడుకలో లేదు. ఒక్క గుణము నిలిచి తక్కిన జీవితము జారిపోవుట ఈ పరిణామమునకు ప్రథమలక్షణము.

ఈ పేర్లను ఊరూరికిని మోసినవి పురాణపఠనము, హరికథ, యక్షగానము, తోలుబొమ్మలాట. తోలుబొమ్మలాటను గూర్చి ఒక విశేషమును ఇచ్చట గుర్తుంచుకొనవలెను. రామాయణ భారత కథల నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అను హాస్యపాత్రలు ప్రవేశించి, కథతో నిమిత్తము లేని సంభాషణలతో, పెక్కుసారులు బూతుమాటలతో, నిద్రకు తూగు ప్రేక్షకులను మేలుకొల్పుచుండెడివి. వీనికి గ్రంథము లేదు. ఆటగాని నోరే గ్రంథము. ఊరినిబట్టి, రాత్రినిబట్టి మాట మారును. ఈ సంప్రదాయము ముద్రిత నాటకముల కాలమునకు అంతరింపలేదు, వేషము మార్చుకొనినది. సుబ్బిశెట్టిని గూర్చి చెప్పునప్పుడు దీని ప్రయోజనము తెలియగలదు.

పేరు నిజముగ జాతినామమైనదా కాదా యని నిశ్చయించుటకు మేమొక సులభమైన పరీక్షను స్వీకరించుచున్నాము. వ్యక్తి ఒక్కడే గనుక విశేషనామమునకు సహజముగ బహువచనము లేదు. 'ఉత్తరకుమారులు', 'శకునులు', 'గిరీశాలు' అని లోకము బహువచనమున పలికిననాడు ఆ పేరు వ్యక్తిని విడిచి వర్గమును చేరినదని చెప్పవచ్చును. డాన్ క్విక్సోట్ కథ 1605లోను 1615లోను రెండు భాగములుగ వెలువడిన పిదప ఆంగ్లమున ఆ పేరునుండి విశేషణమే పుట్టినది. రష్యను భాషలో గొంచరోవ్ నవలానాయకుడైన ఒబ్లొమొవ్ పేరునుండి సోమరితనమునకు భావవాచకము ఏర్పడి, 1859లో దొబ్రొల్యూబొవ్ వ్రాసిన విమర్శచే అది విశేషముగ వ్యాపించినది. తెలుగు భాషాస్వభావము వేరు. మనము పేరునుండి విశేషణమును సృజింపము. పేరునే బహువచనముగ మార్చుదుము, లేదా 'వట్టి', 'మరియొక' యను మాటలను దానిముందు చేర్తుము.

3. గిరీశము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారిచే ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, 1909లో మిక్కిలి పెంచి వ్రాయబడిన రూపమున రెండవమారు వెలువడినది. నేడు లోకమెరిగిన గిరీశము ఈ రెండవ కూర్పునందలి గిరీశమే. ఇతడు పూటకూళ్ళమ్మ సొమ్మును మధురవాణికై వ్యయపరచినవాడు. శిష్యుడైన వెంకటేశమునకు చదువు పేర చుట్టలు కాల్చుటను నేర్పినవాడు. వితంతూద్వాహమును గూర్చి ఉపన్యసించుచు బుచ్చమ్మ నమ్మకమును తన లాభమునకు వాడుకొనినవాడు. సంస్కరణోద్యమపు భాషను స్వప్రయోజనమునకు మలచుకొను కపటియొక్క చిత్రము అది. వీరేశలింగముగారి ఉద్యమము నడచుచున్న కాలముననే, ఆ ఉద్యమముపై గౌరవముగల రచయితయే, ఇట్టి పాత్రను సృజించుట విశేషము. సంస్కరణమును ఎగతాళి చేయుట ఆయన ఉద్దేశము కాదు. సంస్కర్త వేషమును కనిపెట్టుమని హెచ్చరించుట ఉద్దేశము.

ఈ పేరు లోకమున ఎట్లు నడచినది? మొదట ఔత్సాహిక నాటకసమాజములు, పిదప పాఠ్యగ్రంథములు, ఆకాశవాణి, చలనచిత్రము దీనిని మోసినవి. పి. పుల్లయ్యగారి దర్శకత్వమున 1955లో వెలువడిన చిత్రమున నందమూరి తారకరామారావుగారు గిరీశము వేషము ధరించిరి. రంగస్థలముపై జె. వి. రమణమూర్తిగారు ఈ పాత్రకు పేరువడిరి. ముళ్ళపూడి వెంకటరమణగారు చలనచిత్రరంగమును గూర్చిన తమ హాస్యరచనలకు 'గిరీశం లెక్చర్లు' అని పేరుపెట్టిరి. ఇచ్చట గిరీశము నాటకములోని మనిషి కాడు. ఎచ్చటనైనను నిలిచి దేనినిగూర్చియైనను అనర్గళముగ మాటలాడగల ఒక కంఠము. నాటకాంతమున అతడు పలికిన ఆంగ్లాంధ్రమిశ్ర వాక్యము పత్రికాశీర్షికలలో సామెతవలె వాడబడుచున్నది.

ఈ ప్రయాణమున నిలిచినవేవి? చుట్ట, ఆంగ్లపు ముక్కలు, శిష్యుని పిలుచు తీరు, వాక్చాతుర్యము. పోయినదేది? బుచ్చమ్మ. గిరీశమను పేరు చెప్పినంతనే పెదవిపై నవ్వు మొలచును గాని, మోసపోయిన ఒక బాలవితంతువు జ్ఞప్తికి రాదు. సౌజన్యారావు పంతులు అతని నిజస్వరూపమెరిగి వెడలగొట్టినట్టి తీర్పు నాటకమున కలదు, వాడుకలో లేదు. గిరీశమని ఎవరినైనను పిలిచినచో ఆ మనిషి కోపించుటకు మారు కొంత గర్వించుటయు సంభవము. తిట్టుగా పుట్టవలసిన పేరు మెప్పునకు దగ్గరగ వచ్చినది. దీనికి నటుల ఆకర్షణము ఒక కారణము. ప్రసిద్ధ కథానాయకుడు ధరించిన వేషమును ప్రేక్షకుడు అసహ్యించుకొనలేడు. రెండవ కారణము రచయిత భాషయే. అంత రుచిగల మాటలను కపటికి ఇచ్చినందున జనులు మాటలను దాచుకొని కపటమును మరచిరి.

పేరు రూపమునందును ఈ చనువునకు హేతువు కలదు. సంస్కృత అకారాంత పుంలింగ శబ్దములు తెలుగున మహద్వాచకములైనచో డు-వర్ణమును, అమహద్వాచకములైనచో ము-వర్ణమును గ్రహించుట చిన్నయసూరి వ్యాకరణమున సామాన్యవిధి: రాముడు, వృక్షము. ఆ తీరున గిరీశుడు అనవలెను, గిరీశుడనగా శివుడు. తీరాంధ్రపు వాడుకలో గిరీశం, వెంకటేశం, పార్వతీశం అని మనుష్యుల పేర్లే అమహద్రూపమున నడచుచున్నవి. దేవునిపేరు డు-వర్ణమును వదలి ము-వర్ణమును గ్రహించినపుడు భక్తి తొలగి ఇంటిచనువు ప్రవేశించును. గిరీశుడని వినిన కైలాసము తోచును. గిరీశమని వినిన పూటకూటింటి అరుగు తోచును. దేవునితో పోటీ లేనందుననే ఈ రూపము పాత్రకు సొంతమైపోగలిగినది.

4. పార్వతీశము, గణపతి

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము' మొదటి భాగము 1924లో వెలువడినది. మొగల్తూరు యువకుడొకడు బారిష్టరు చదువుటకు సీమకేగుట కథావస్తువు. కాలువపడవల గోదావరిసీమనుండి చెన్నపట్టణమునకును, అచ్చటినుండి ఓడమీద అన్యదేశమునకును వెడలిన ఈ అమాయకుడు తెలియక స్త్రీల టోపీని కొనుట మొదలుగాగల ఘట్టములు నాలుకలపై నిలిచినవి. 1940లో ఈ కథ చలనచిత్రమై, లంక సత్యముగారు పార్వతీశముగ నటించిరి.

ఈ పేరు గిరీశమువలె ఒంటరిగ తిరుగలేదు. 'బారిష్టరు' అను బిరుదును వెంటబెట్టుకొనియే తిరిగినది. పార్వతీశం అను పేరుగలవారు గోదావరిమండలములలో పెక్కుమంది యుండుటచే ఆ విశేషణము లేనిచో పాత్ర స్ఫురింపదు. కావుననే క్రొత్తచోటికి పోయి తబ్బిబ్బగువానిని 'బారిష్టరు పార్వతీశం' అని పూర్తిగ అందురు. ఈ వాడుకలో అవమానము లేదు. కథ చెప్పువాడు పార్వతీశమే. తన్ను చూచి తానే నవ్వుకొనును. ఇతరులు నవ్వుటకు ముందే అతడు అనుమతి నిచ్చినాడు. ఉత్తమపురుషకథనము పేరునకు ఇట్టి రక్షణ నిచ్చునని ఈ ఉదాహరణమువలన గ్రహింపవచ్చును.

చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గణపతి దీనికి ప్రత్యుదాహరణము. వికృతచేష్టలయందు, ప్రసిద్ధియందు ఆ పాత్ర పై రెండింటికి తీసిపోదు. ఆకాశవాణి నాటకరూపమున ఇంటింట వినబడినది. ఐనను అల్లరివానిని ఎవ్వరును గణపతి యనరు. ఆ పేరును అంతకుముందే విఘ్నేశ్వరుడు ఆక్రమించియున్నాడు. లోకము ఒక పేరునకు రెండు ప్రబలార్థములను ఓర్వదు. పాత్ర సజీవమైనను పేరు సాధారణమైనచో వాడుక పుట్టదని దీనిచే సిద్ధించుచున్నది.

5. సుబ్బిశెట్టి

కాళ్ళకూరి నారాయణరావుగారు (1871–1927) సంఘదురాచారములపై నాటకములు వ్రాసినవారు. వరకట్నముపై 'వరవిక్రయము', మద్యపానముపై 'మధుసేవ', వేశ్యాలోలత్వముపై 'చింతామణి' ఆయన కృతులు. వరవిక్రయము 1939లో చిత్రమైనది. అందలి సింగరాజు లింగరాజు అను లోభి పేరు ప్రాసబలముచేతనే నోట నిలిచినది. చింతామణికి లీలాశుకుని గాథ మూలము. బిల్వమంగళుడు, భవానీశంకరము, సుబ్బిశెట్టి అను ముగ్గురు పురుషులు చింతామణి యింట చేరుదురు. సుబ్బిశెట్టి ధనమును పోగొట్టుకొనిన వర్తకుడు. అతని పతనము ప్రేక్షకునకు హెచ్చరికగ ఉద్దేశింపబడినది. ఆ హెచ్చరికకు హాస్యము వాహనము.

గోదావరిమండలములలో తీర్థములయందును, శ్రీరామనవమి పందిళ్ళయందును రాత్రియంతయు పద్యనాటకములాడించుట ఆచారము. అట్టి రాత్రులకు చింతామణి ప్రధానమైన ఆటలలో నొకటి. పద్యములకు హార్మోనియము, హాస్యమునకు సుబ్బిశెట్టి. ఒక్కొక్క సమాజమున సుబ్బిశెట్టి వేషధారి తన సొంత మాటలను చేర్చుకొనెను. ఆ మాటలు చప్పట్లు తెచ్చినవి. చప్పట్లు మరికొన్ని మాటలను తెచ్చినవి. కాలక్రమమున ముద్రితగ్రంథమున కొలది పుటలలోనున్న పాత్ర పందిటిలో గంటలకొలది నిలువజొచ్చినది. బిల్వమంగళుని వైరాగ్యమునకు సిద్ధపరుపవలసిన నాటకము సుబ్బిశెట్టి అవస్థలకై చూడబడు నాటకమైనది. సుబ్బిశెట్టి కేతిగాని స్థానమును ఆక్రమించెనని మా అభిప్రాయము. గ్రంథములేని హాస్యకానికి తెలుగు ప్రేక్షకుడు అలవాటుపడియుండెను. పద్యనాటకము ఆ స్థానమును ఖాళీగ ఉంచినది. ఆ ఖాళీని పూరించుటకు ఈ పాత్ర దొరికినది.

కాని కేతిగానికిని సుబ్బిశెట్టికిని ఒక్క భేదము కలదు. కేతిగాడు ఏ కులమునకును చెందినవానిగ పలుకబడడు. సుబ్బిశెట్టి పేరులోనే కులము కలదు. బిల్వమంగళుడు బ్రాహ్మణుడు, అతడును అదే వేశ్య యింట అదే మోహమున పడినవాడే. అయినను ఆ పేరు వినినప్పుడు కులము వినబడదు. భవానీశంకరమను పేరునను కులవాచకము లేదు. సుబ్బిశెట్టి యని పిలిచినపుడెల్ల మాత్రము శెట్టి యను మాట ధ్వనించును. 'సుబ్బి' యనునది సామెతలలో స్త్రీకి చెల్లు చులకన పిలుపు. దానితో చేరి 'శెట్టి' శబ్దమును చులకనయైనది. ఈ పేరు జాతినామమైనపుడు, గిరీశమువలె కులాతీతమైన స్వభావమును సూచింపక, ఒక సమాజమంతటిపై వాలినది. దుకాణము నడుపు సామాన్యవర్తకుని, అతని పిల్లలను ఆ పేరుతో ఏడిపించుటకు వీలు కలిగినది. నాటకమున ఆ పాత్ర చేసిన తప్పేమియు చేయనివాడు ఆ పేరును మోయవలసివచ్చెను.

ఆర్యవైశ్యసంఘముల వారు పలుమారులు ఆక్షేపించిన మీదట, నాటకము శతవత్సరములను పూర్తిచేసికొనిన కాలముననే, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చింతామణి ప్రదర్శనమును నిషేధించెను. కళాకారులు తమ జీవనాధారము పోవుచున్నదని ఆందోళించిరి. నిషేధముపై ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము నడచినది. ఉభయపక్షముల వాదములందును సత్యాంశము కలదు. ఒక కులమును వేదికపై రాత్రికి రాత్రి హేళనచేయుట వినోదమని సమర్థింపరాదు. సంస్కరణమునకై వ్రాయబడిన నాటకమును, దానిపై బ్రతుకు నటుని, చేర్పుమాటల దోషమునకై శిక్షించుటయు న్యాయమని తోచదు.

పరిశోధకులు ఇచ్చట గమనింపవలసినది మరియొకటి. నిషేధాజ్ఞ ఉద్దేశించినది ప్రదర్శనమును. వివాదమునకు గురియైన సుబ్బిశెట్టి పెక్కుపాళ్ళు నారాయణరావుగారి సుబ్బిశెట్టి కాడు. వందయేండ్లుగ వేషధారులు, కంట్రాక్టర్లు, ప్రేక్షకులు కలిసి వ్రాసిన, ఎచ్చటను అచ్చుపడని, మరియొక సుబ్బిశెట్టి. ఆ రెండవ గ్రంథమునకు కర్త లేడు, ప్రతి లేదు. దోషమెవరిదని అడిగినపుడు జవాబు చెప్పుటకు అచ్చుపుస్తకముపైనున్న పేరు ఒక్కటియే దొరకును. మరణించి దాదాపు తొంబదియైదేండ్లయిన రచయిత తాను వ్రాయని మాటలకు బాధ్యుడగుట ఇట్లు సంభవించినది.

6. పేరు నిర్మాణము, పేరు గతి

పై ఉదాహరణములను పోల్చి చూచినచో కొన్ని నిర్ణయములు చేయవచ్చును.

మొదటిది: వాడుకలోనికి వచ్చుటకు పేరు కొంత అరుదుగ నుండవలెను, లేదా గిరీశము, బారిష్టరు పార్వతీశమువలె రూపవిశేషముచేతనో బిరుదుచేతనో సాధారణ నామములనుండి వేరుపడవలెను. గణపతి యట్లు వేరుపడలేదు.

రెండవది: పేరు ఒంటరిగ ప్రయాణింపదు, దానిని మోయు సాధనము తన గుణమును దానికి అంటించును. చలనచిత్రము కథానాయకుని ఆకర్షణమును గిరీశమునకు అంటించినది. నవల ఆత్మపరిహాసమును పార్వతీశమునకు కాపుగ నిలిపినది. పందిటి రాత్రి బూతును సుబ్బిశెట్టికి అంటించినది. ఒకే పాత్ర వేరొక వాహనమున పోయినచో వేరొక అర్థమును పొందియుండును. 1956లో భానుమతిగారు నటించిన చింతామణి చిత్రమును, పందిళ్ళలోని చింతామణిని ప్రక్కప్రక్కన పరీక్షించుట ఈ దృష్టితో ప్రయోజనకరము.

మూడవది, మేము ముఖ్యమని తలచునది: పేరులోని ప్రతి భాగమును అర్థవ్యాప్తియందు పాల్గొనును. పార్వతీశము పేరున వృత్తి కలదు. బారిష్టరులెవ్వరును దానివలన నొచ్చుకొనలేదు, ఏలయన వృత్తి మనిషి కోరి స్వీకరించునది, సంఘమున గౌరవము గలది. సుబ్బిశెట్టి పేరున పుట్టుకతో వచ్చు కులము కలదు. హాస్యమునకు గురియైన గుణము కోరి తెచ్చుకొనినదైనచో నవ్వు వ్యక్తియొద్ద ఆగును. పుట్టుకతో వచ్చినదైనచో వంశముమీదికి పోవును. గిరీశము కులమేదో నాటకము చదివినవారెరుగుదురు. పేరు మాత్రము చెప్పదు. అందుచేత గిరీశాలు అని మనము బహువచనమున అనునపుడు ఏ కులమువారును తలవంచుకొనరు.

ఐనను గిరీశము విషయమున నష్టము లేదనుట పొరపాటు. అచ్చట నష్టపడినది బుచ్చమ్మ. సుబ్బిశెట్టి పేరు అర్హులు కానివారిపై నిందను మోపినది. గిరీశము పేరు అర్హుడైనవానిపైనుండి నిందను దింపినది. రెండింటను న్యాయము తప్పినది. ఒకటి ఆందోళనకు దారితీసి న్యాయస్థానము వరకు వచ్చినది గనుక మనకు కనబడుచున్నది. రెండవది నవ్వులో కలిసిపోయినది గనుక కనబడుటలేదు.

7. ఉపసంహారము

ఈ విచారణము పూర్తియగుటకు గ్రంథాలయమొక్కటి చాలదు. కన్యాశుల్కము రెండు కూర్పులును మనకు లభ్యములు. 1897 నాటి గిరీశమును 1909 నాటి గిరీశముతో పోల్చుట పరిశోధకులకు సులభము. సుబ్బిశెట్టికి అట్టి సౌకర్యము లేదు. చింతామణి నాటకసమాజములు చేర్చుకొనిన భాగములు వృద్ధనటుల జ్ఞాపకమునను, చేవ్రాత పుస్తకములలోను, ప్రదర్శనముల ధ్వనిముద్రణములలోను మాత్రమే యున్నవి. అందు అసహ్యమైన భాగము కలదని వానిని విడిచిపెట్టరాదు. ఏ మాట ఎవరు చేర్చిరి, ఏ సీమలో ఏది ఆడిరి అని తెలిసిననాడే మూలకర్తకును, నటునకును, నొచ్చుకొనిన సమాజమునకును వారి వారికి చెందవలసిన న్యాయము చెందగలదు. ముద్రితప్రతిని, ఆడినప్రతిని ఎదురెదురుగ ఉంచి పాఠనిర్ణయము చేయుట ప్రాచీన కావ్యములయందు మనకు అలవాటైన పనియే.

అధ్యాపకులకును ఒక కర్తవ్యము కలదు. తరగతిలో గిరీశము మాటలకు విద్యార్థులు నవ్వినపుడు, ఆ మాటలు ఎవరితో, దేనికొరకు పలుకబడినవో చెప్పి బుచ్చమ్మను తిరిగి ఆ ఘట్టములోనికి తేవలెను. ఐ.పోలవరము పేరులోని ఒక్క అక్షరమును విప్పి చెప్పినచో అందు దీవి కనబడినట్లు, వాడుకలో అరిగిన పాత్రనామమును విప్పి చెప్పినచో దాని వెనుకనున్న మనుష్యులు కనబడుదురు. ఆ పనికి పూనుకొను పరిశోధకులకు గోదావరిసీమ నాటకసమాజముల యొద్ద ఇంకను సామగ్రి కలదు; దానిని సేకరించుటకు ఆలస్యము తగదు.